తప్పెత్తుడు

గుర్తుదీపం మళ్లీ ఎర్రగా వెలిగింది. యాదగిరి పళ్లు కొరుకుతూ పెనం మీది దోసెను అట్లకాడతో లేపి పక్కనున్న డబ్బాలో పడేశాడు. ఆ డబ్బా అప్పటికే సగం నిండింది. కౌంటరు ముందు నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆకలి ఆగక, ఎదుటి సందులోని హోటలు దారి పట్టారు.

పాపం, యాదగిరి చేసిన నేరమేమీ లేదు. కుడిచేతి మీద వేడినూనె పడింది. కట్టు కట్టించుకుని ఎడమచేత్తో దోసెలు పోస్తున్నాడు. పిండి అదే, పెనం అదే, మనిషీ అదే. కానీ గరిటె తిరిగే వాటం మారింది. అంచు ఒకచోట పలచగా, ఇంకోచోట మందంగా వస్తోంది. పెనానికి పైన వేలాడే గుర్తుదీపం లెక్కలో అది యాదగిరి దోసె కాదు. యాదగిరిది కాని దోసెను యాదగిరి బోర్డు కింద అమ్మితే నకలు నేరం.

మూల బల్ల దగ్గర చాయ్ తాగుతున్న సలోమి ప్లేటు పట్టుకుని లేచి వచ్చింది. "ఆ తర్వాతిది డబ్బాల వెయ్యకు, ఇటియ్యి. నేను తింట."

"వద్దు సలోమమ్మా, నా మీద కేసయితది."

"నా కడుపుల పడ్డంక దీపం పెట్టి ఎవడు చూస్తడో చూద్దాం. ఇయ్యి!"

నిలబడే తిన్నది. ఒక పక్క మాడింది, మధ్యలో మెత్తగా ఉంది. "ఏమైందిరా దీనికి? మంచిగనే ఉంది కదా," అంది.

"మంచిగుందని నాకూ తెలుసు. దీపానికి తెల్వద్దా?"

సలోమికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం లాలాగూడ డాన్సు హాల్లో ఆమె నెత్తి మీద కూడా అలాంటి దీపమే వెలగబోతోంది మరి.

ఈ దీపాల వ్యవహారం ఊరికే పుట్టలేదు. అంతకుముందు నకలుగొంతుల కాలమని ఒకటి నడిచింది. చనిపోయిన తండ్రి గొంతుతో కొడుక్కి ఫోను వచ్చేది. పాడనివాడు పాడినట్టు, అననివాడు అన్నట్టు యంత్రాలు పుట్టించేవి. ఏది ఎవరిదో తెలియక జనం విసిగి వేసారిపోయారు. అప్పుడు ముద్రాలయం వెలిసింది. పనిమంతుల పనితీరును ఒక్కసారి పట్టి, సారం తీసి, బాణీముద్రగా భద్రపరిచింది. జనానికి తోడుచెవులు పంచింది. చెవిలో ఇమిడిపోయే చిన్న గింజలవి. ముద్రకు సరిపోయిన పాటను లోనికి రానిస్తాయి. సరిపోనిదాన్ని మింగేసి, దాని చోట అసలుదాన్ని వినిపిస్తాయి. బడిలో చేరిన రోజున పెట్టుకుంటే ఇక స్నానానికి కూడా తియ్యరు. మోసపోతామన్న భయం తీరి ఊరంతా హాయిగా నిద్రపోయింది. అందులో అబద్ధమేమీ లేదు.

హోటలు గోడలోంచి శాక్సోఫోను మొదలైంది. సలోమిదే. అంటే, సలోమి నీడవాద్యం. పడుచు వయసులో ముద్రాలయం ఆమె బాణీని పట్టింది. ఆ ముద్రలోంచి రోజుకో కొత్త పాట పుట్టుకొస్తూనే ఉంటుంది. హోటళ్లలో, లిఫ్టుల్లో, డాక్టరు గది బయట బెంచీల దగ్గర, ఎక్కడ చూసినా అదే. స్వరం మీద స్వరం, రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు.

"ఈ పోరి ఎప్పుడన్న ఊపిరి తీస్కుంటదా!" అని గొణుక్కుంది సలోమి.

ఆ పోరి ఎందుకు ఊపిరి తీసుకోదో ఆమెకు తెలుసు. భయం. తండ్రి దేవసహాయం రైలు షెడ్డులో ఫిట్టరు. డ్యూటీ లేని సాయంత్రాల్లో లాలాగూడ డాన్సు హాల్లో జాజ్ బ్యాండు నడిపేవాడు. జాజ్‌లో ముందే కట్టుకున్న పాట కొంచెమే. మిగతాదంతా ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు అక్కడికక్కడ అల్లుకోవాలి. లంగావోణీ వయసులో ఆ బ్యాండులో నిలబడిన సలోమికి ఒకటే దిగులు: ఆగితే మరిచిపోయిందనుకుంటారు. అందుకని ఆగేది కాదు. జనం ఆ దూకుడుకే ఈలలు వేశారు.

ఆ బ్యాండులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా స్వరం తప్పితే, తరవాతివాడు ఆ తప్పిన స్వరాన్నే అందుకుని తన వంతు మొదలుపెట్టాలి. దాన్ని తప్పెత్తుడు అనేవాళ్లు. "తప్పుల మనిషిని ఒక్కణ్నే ఇడ్సిపెట్టొద్దు" అనేవాడు దేవసహాయం. ముద్ర తీసేటప్పుడు ముద్రాలయం వాళ్లు సలోమి పాటలోంచి తప్పులన్నీ ఏరి పారేశారు. నీడవాద్యం ఏనాడూ తప్పదు.

తరవాత బ్యాండులోకి డ్రమ్ములకు గఫూర్ వచ్చాడు. పాట మంచి ఊపులో ఉండగా టక్కున కొట్టడం ఆపేసి, పుల్లలు ఒళ్లో పెట్టుకుని, ఆమె వంక చూస్తూ కూర్చునేవాడు. మొదటిసారి సలోమికి తల కొట్టేసినంత పనయింది. తెర వెనక్కి వెళ్లాక అతన్ని పట్టుకుని దులిపేసింది.

"ఖాళీల కూడా పాట ఉంటది బహెన్. జర విను," అన్నాడు గఫూర్.

అది వినడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. విన్నాక ఆమె పాటలోంచి స్వరాలు సగానికి సగం రాలిపోయాయి. ఆ పైన దవడకు జబ్బు చేసింది. ఆపరేషన్‌లో కింది పళ్లు పోయాయి. మూడేళ్లు వాద్యం ముట్టలేదు. చేసేదేమీ లేక ఆదివారాలు చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునేది. ఆ బెంచీల మీద ముసలమ్మలు కీర్తన పాడేవాళ్లు. హార్మోనియం అతను లయ తప్పకుండా ముందుకు పోతుంటే, వీళ్లు ఏ తొందరా లేకుండా ప్రతి మాటనూ సాగదీసి, ఊపి, నింపాదిగా వెనక వచ్చేవాళ్లు. అతను విసుక్కునేవాడు, పాస్టరుగారు దగ్గేవారు. ముసలమ్మలకు పట్టేది కాదు. చివరికి చరణం దగ్గర హార్మోనియమే ఆగి వాళ్ల కోసం కాచుకునేది.

"ఓరి దేవుడా, గింత ధైర్యం నాకెన్నడన్న ఉండెనా!" అనుకుంది సలోమి. ఇంటికి వెళ్లి, కట్టుడుపళ్ల మధ్య వాద్యం పెట్టుకుని, ఆ వెనక నడక నేర్వడం మొదలుపెట్టింది. స్వరం నిలవక జారేది. జారితే జారనిచ్చింది.

ఇప్పుడు ఆమె పాటలో స్వరాలు తక్కువ. ఒక్కొక్కటీ ఆలస్యంగా, వణుకుతూ, ఎటు పోవాలో చూసుకుంటూ వస్తుంది. పుట్టి బుద్ధెరిగాక ఇదే నిజంగా నా పాట అని ఆమెకు గట్టిగా అనిపించింది. అలా అనిపించిన రోజుల్లోనే ఒకనాడు, ఎప్పుడూ సాధనకు ముందు తీసేసే తోడుచెవులను తియ్యడం మరిచిపోయి కూర్చుంది. ఊదితే చప్పుడు లేదు. చెవుడొచ్చిందనుకుంది. మరుక్షణం చెవుల్లో వడగళ్లు మొదలయ్యాయి. ఆ పోరి పాట.

అప్పుడే తెలిసింది ఆమెకు, దీపం ఎర్రగా వెలుగుతుందని. అయినా ఆపరేషన్ తరవాత ఇదే మొదటి కచేరీ అని ఊరంతా చెప్పుకుంటుంటే, వద్దనలేదు.

సాయంత్రం హాల్లో ముద్రాలయం పరిశీలకురాలు శాంభవి ముందుగానే వచ్చి కూర్చుంది. పాతికేళ్లుంటాయేమో, మాట మెత్తన, చూపు సూటి. సలోమి, గఫూర్ కాసేపు వాయించి చూపించారు. వేదిక మీది దీపం మొదటి స్వరానికే ఎర్రబడి, చివరిదాకా అలాగే ఉంది.

"మేడం, నేను మీ పాట వింటూ పెరిగాను. పరీక్షలకు చదివేటప్పుడు మీరే నాకు తోడు," అంది శాంభవి.

"నేను కాదు బిడ్డా. ఆ పోరి."

శాంభవి ఇబ్బందిగా కదిలింది. "ఇప్పుడు మీరు వాయించింది ముద్రతో సగం కూడా కలవడం లేదు. దీపం లెక్కలో మీరు సలోమిగారిని అనుకరిస్తున్న వేరే మనిషి."

"అది కూడా సక్కగ చేస్తలేనన్నట్టు!" అంది సలోమి. గఫూర్ పకపకా నవ్వాడు. శాంభవి నవ్వలేదు.

"కొత్తగ ఇంకో ముద్ర తియ్యరాదా?" అని అడిగింది సలోమి.

"ఒక మనిషికి ఒకటే మేడం. రెండోది ఇవ్వడం మొదలుపెడితే నకలుగాళ్లంతా 'మేం మారాం' అంటూ వరస కడతారు." శాంభవి సంచిలోంచి, వాద్యం మూతికి బిగించే సన్నటి పలక, రీడు తీసింది. "దీన్ని మీ వాద్యానికి పెట్టుకోండి. సవరణరీడు. మీరు ఏం ఊదినా పాత బాణీలోకి సర్దేస్తుంది. దీపం పచ్చగా ఉంటుంది. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తది కదా."

"కాదంటే, ఇవాళ్టితో సలోమి అనే పేరు మీకు ఉండదు. అది ముద్రదే అవుతుంది. పేరు లేని పాటను ఇక ఏ హాల్లోనూ వాయించనివ్వరు. నాకు మాత్రం మీ మీద చేయి చేసుకున్నట్టుంది మేడం. నా మాట వినండి."

ఆ పిల్ల కళ్లలో నీళ్లు నిజమైనవే. సలోమికి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పేరు పోవడమంటే మాటలు కాదు. ఇదే వేదిక మీద దేవసహాయం మైకు పట్టుకుని, "ఇప్పుడు నా బిడ్డ సలోమి!" అని అరిచి పిలిచిన పేరు. ఆ పిలుపు వినబడితే చాలు, ఆమె అడుగు ముందుకు పడేది. దాన్ని పోగొట్టుకోవాలని ఆమెకు ఎంతమాత్రం లేదు. సవరణరీడును చేతిలో అటూ ఇటూ తిప్పి, కొంగున ముడి వేసుకుంది.

"ఏం చేస్తవ్ బహెన్?" అని మెల్లగా అడిగాడు గఫూర్.

"తెల్వది. నువ్వేం చేస్తవ్?"

"నేనేం చేస్త! నువ్వెటు పోతే అటు కొడ్త."

హాలు నిండిపోయింది. కింద పాతకాలపు టేకు పలకలు. డాన్సు చేసేవాళ్ల కాళ్లు నొప్పి పుట్టకుండా వాటి కింద ఎప్పుడో స్ప్రింగులు వేశారు. సలోమి వేదిక మీదికి వచ్చింది. తన తోడుచెవులు తీసి కుర్చీలో పెట్టింది. కొంగు ముడి తడిమి చూసుకుంది. విప్పలేదు. వాద్యం ఎత్తింది.

దీపం ఎర్రబడింది. ఒక స్వరం, ఆలస్యంగా ఇంకొకటి. ఆగింది. ఆ ఖాళీలో జనం చప్పట్లు చరిచారు, ఈలలు వేశారు. ఖాళీకి ఇన్ని చప్పట్లా! ఒక్క క్షణం పొంగిపోయింది కూడా. మళ్లీ అందుకుని, వణికే స్వరాన్ని మెల్లగా కిందికి జార్చింది. ముందు వరసలో ఒక పెద్దాయన పూనకం వచ్చినట్టు తలాడిస్తున్నాడు, ఆమె పాటకు ఏమాత్రం సంబంధం లేని వేగంతో. అప్పుడర్థమైంది. వీళ్లు తనను చూస్తున్నారు. వింటున్నది మాత్రం ఆ పోరిని.

అరికాలి మంట నెత్తికెక్కింది. వాద్యం మెడలోంచి తీసి కుర్చీలో పెట్టింది. వేదిక అంచుకు వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. పాట ఆగలేదు. వాళ్ల చెవుల్లో వడగళ్లు పడుతూనే ఉన్నాయి. చేతులు కట్టుకున్న మనిషిని చూసి కూడా ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత ఒక్కొక్కరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నేను గిక్కడున్న!" అని అరిచింది సలోమి. ఆ అరుపు పాట కింద పడి నలిగిపోయింది.

గఫూర్ పుల్లలు పక్కన పెట్టాడు. పెద్ద డ్రమ్ము పెడలు మీద కాలు మోపి, బలం కొద్దీ ఒక్క దెబ్బ వేశాడు. స్ప్రింగుల మీది పలకలు ఊగాయి. ఇంకోటి వేశాడు. తోడుచెవులు చెవుల్ని కాస్తాయి గాని, పాదాలను కాయలేవు. చెవుల్లో ఒక పాట, అరికాళ్లలో ఇంకో లయ. రెంటికీ పొత్తు కుదరక జనం కుర్చీల్లో కుదురుగా కూర్చోలేకపోయారు. మూడో వరసలో ఒక నిండు చూలాలు పొట్ట పట్టుకుని లేచి, "అబ్బ, ఇదేం గోలమ్మా!" అంటూ రెండు గింజలూ ఊడబెరికింది. నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. పక్కనున్నవాళ్లు ఆమెను చూసి తమ చెవుల మీద చేతులు వేసుకున్నారు.

కొందరు భయపడి మళ్లీ పెట్టుకున్నారు. కొందరు లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లకు హాలు హాలంతా కొత్తగా వినిపించింది: కుర్చీల కిర్రు, దగ్గులు, పక్కమనిషి ఊపిరి, దూరంగా పోయే రైలు.

సలోమి వాద్యం అందుకుంది. ఈసారి ఖాళీ ఖాళీగానే వాళ్లకు చేరింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ నిశ్శబ్దం మీద నింపాదిగా, వెనక వెనకగా నడిచింది ఆమె పాట. పైకి ఎక్కబోయిన చోట కట్టుడుపళ్లు కదిలాయి. కీచుమని ఒక వికారపు కూత బయటపడింది. సలోమి ఆగిపోయింది. సిగ్గుతో తల దించుకోబోయి, ఎందుకో దించలేదు. వేదిక అంచుకు వచ్చింది.

"తప్పయింది," అంది గట్టిగా. "మా నాయిన బ్యాండుల ఒకడు తప్పితే ఇంకొకడు ఎత్తుకునేటోడు. ఇయ్యాల బ్యాండుల మేమిద్దరమే మిగిలినం. డ్రమ్ముకు స్వరం ఎత్తుకునుడు రాదు. మీల ఎవరన్న ఎత్తుకుంటరా?"

ఎవరూ కదల్లేదు. చివరి వరసలోంచి సన్నగా ఒక ఈల వచ్చింది. అదే కూత, అంతే వికారంగా. చేతికి కట్టుతో గోడకు ఆనుకుని నిలబడ్డ యాదగిరి, నోరు సున్నాలా చుట్టి, దాన్ని పట్టుకుని ఎటు తీసుకుపోవాలో తెలియక వేలాడుతున్నాడు. సలోమి చటుక్కున అందుకుని కింద నుంచి ఆసరా ఇచ్చింది. గఫూర్ అడుగు కలిపాడు. చూలాలు గొంతు కలిపింది. ఆ పైన ఎవరు ఎక్కడ ఎత్తుకున్నారో, ఎవరు దించారో ఎవరికీ గుర్తులేదు. తప్పులకేం కొదవ! తప్పిన ప్రతి చోటా ఇంకొకరు అందుకున్నారు. పైన దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. దాని వంక చూసినవాళ్లు లేరు.

జనం వెళ్లాక శాంభవి వేదిక దగ్గరికి వచ్చింది. తోడుచెవులు ఆమె పిడికిట్లో ఉన్నాయి. ఎప్పుడు తీసిందో సలోమి చూడలేదు.

"ఇక ఆ పేరు మీది కాదు మేడం. నేను ఆపలేను."

సలోమి కొంగుముడి విప్పి సవరణరీడును ఆమె చేతిలో పెట్టింది. ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "ఉంచుకోండ్రి బిడ్డా. ఆ పోరిని జర మంచిగ చూసుకోండ్రి. పాపం, దానికి ముసలితనం రాదు."

"వాయించింది ఎవరని పైవాళ్లు అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"ఇంకా ఎవరో తెల్వదని చెప్పు."

ముద్రాలయం హాలుకు తాళం వేసింది. సలోమి పేరు మీద నీడవాద్యం ఇంకా జోరుగా పాటలు పుట్టిస్తోంది. ఆ మరుసటి వారం ఆమె చాయ్‌కి వెళ్లేసరికి యాదగిరి హోటలు బోర్డును గోడవైపు తిప్పి పెట్టాడు. పేరే లేనప్పుడు నకలెక్కడిదని అతని వాదన. దీపం ఎర్రగా వెలుగుతుండగానే ఎడమచేతి దోసెలు వేడివేడిగా అమ్ముడుపోతున్నాయి. తింటున్నవాళ్లలో కొందరి తోడుచెవులు చొక్కా జేబుల్లో ఉన్నాయి.

గోడలో ఆ పోరి ఊపిరి తీసుకోకుండా వాయిస్తోంది. దాని మీదుగా యాదగిరి ఈల వేశాడు. ఆ రోజు కీచుమన్న కూతే. బల్ల దగ్గరి కుర్రాడొకడు దాన్ని అందుకుని కాస్త వంచాడు. ఇంకొకామె చెంచాతో గ్లాసు మీద కొడుతూ మరో మెలిక పెట్టింది. ఆ రోజు హాలుకు వచ్చినవాళ్లు కారు వీళ్లు. ఎవరి దగ్గర నేర్చారో ఏమో! ఏ దీపమూ పట్టుకోలేని పాట అది. పట్టుకునేలోగా ఇంకొకరి నోట మారిపోతుంది.

సలోమి చాయ్ గ్లాసు అలాగే పట్టుకుని వింది. తను కిందికి జారిన చోట వాళ్లు పైకి ఎక్కారు. ఎంత బాగుంది! అసూయ పుట్టుకొచ్చింది.

"ఓరి, గిది నాకెందుకు తట్టలేదు?" అని పైకే అని, గ్లాసు బల్ల మీద పెట్టి గబగబా లేచింది.

"సలో..." అనబోయి యాదగిరి నాలుక కరుచుకున్నాడు. "అమ్మా, చాయ్ సల్లారిపోతది!"

"సల్లారనీ రా! నాకు సాధన ఉంది," అని ఆమె ఇంటిదారి పట్టింది.